చిన్నమాటల పెద్దపెత్తనం

ఇంగ్లీషులో ఎమ్మే ప్యాసైనవారిని కూడా తికమకపెట్టేవి బరువైన మాటలు కావు. క్రియ పక్కన చేరే అప్, అవుట్, ఆఫ్ వంటి పొట్టిమాటలు. 'పుట్' అంటే పెట్టడమని మూడో తరగతి పిల్లవాడికీ తెలుసు. కాని 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం, 'పుట్ అవుట్' అంటే మంట ఆర్పడం, 'పుట్ అప్ విత్' అంటే ఓర్చుకోవడం! పరదేశీయులకు అన్నిటికంటె కష్టమైనవి ఇవేనని డాక్టర్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు పీఠికలో రాశాడు.

మన తెలుగేమీ తక్కువ తినలేదు. 'చెయ్యి చేసుకున్నాడు' అంటే కొట్టాడని, 'చెయ్యిచ్చాడు' అంటే నమ్మించి ముంచాడని విడివిడి మాటలు చూసి ఏ దొర తెలుసుకోగలడు?

ఇది నవ్వి ఊరుకునే సంగతి కాదు. మనవాళ్లు 'పాస్ అవుట్' అయ్యాడంటే చదువు పూర్తిచేశాడని. అమెరికాలో ఆస్పత్రినుంచి ఫోనులో ఆ మాట వినబడితే మీ అబ్బాయి స్పృహ తప్పాడన్నమాట! 'పాస్ అవే' అన్నారా, ప్రాణమే పోయిందని. అవుట్‌కూ అవేకూ తేడా తెలియకపోతే ఇక్కడి తల్లి గతేమిటి?

కాబట్టి పిల్లలూ, జాబితాలు వల్లెవేయకండి. రోజుకొక్కటి, నిండు వాక్యంలో నేర్చుకోండి. పొట్టిమాట చోటూ గమనించండి: 'పుట్ ఇట్ ఆఫ్' అనాలిగాని 'పుట్ ఆఫ్ ఇట్' అనరాదు, 'లుక్ ఆఫ్టర్ హిమ్' అనాలిగాని 'లుక్ హిమ్ ఆఫ్టర్' అనరాదు.

మొదటిరోజుకు 'పుట్ ఆఫ్' పుచ్చుకోండి. దాన్ని మాత్రం రేపటికి పుట్ ఆఫ్ చేయకండి సుమా!