గంగవాయిలి కూర ప్యారిస్ పోతేనే పవిత్రమా?

ప్యారిస్‌లో పేరుమోసిన ఒక హోటల్ మాంసం బంద్ పెట్టిందట. ఈ వార్త పట్టుకొని మన దగ్గర కొందరు పెద్దలు సంబురాలు చేసుకుంటున్నరు. "చూసిండ్రా, ఆఖరికి తెల్లోడు కూడా మన శాకాహారానికే వచ్చిండు" అంటున్నరు. "మన" అంటే ఎవరయ్యా? 2014లో కేంద్ర ప్రభుత్వం చేయించిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేటోళ్లే. మిగిలిన ఒకరిద్దరు "మన" సంస్కృతి అయ్యిండ్రు, 98 మంది మాత్రం అలవాటు మార్చుకోవలసినోళ్లు అయ్యిండ్రు! గిదేం లెక్క?

సరే, ఆ హోటల్ సంగతే చూద్దాం. పేరు లార్పెజ్. వంటాయన అలాన్ పస్సార్. 1986లో పెట్టిండు. 1996లో మూడు మిషెలిన్ నక్షత్రాలొచ్చినయి, హోటళ్లకు అంతకన్న పెద్ద బిరుదు లేదు. 2001లో ఎర్ర మాంసం తీసేసి కూరగాయలను ముందుకు తెచ్చిండు. సొంత తోటలు పెట్టి, గుర్రాలతో దున్నించి పండిస్తున్నడు. ఉప్పు గూడు కట్టి అందులో బీట్‌రూట్ కాల్చడం ఆయన వంటల్లో పేరుపడ్డది. 2025 జులైలో చేప, గుడ్డు, పాలు, వెన్న కూడా తీసేసిండు. సొంత తేనెటీగల తేనె ఒక్కటే మిగిలింది. రాత్రి భోజనం ఒక్క మనిషికి 400 యూరోల పైమాట, అంటే నలభై వేల రూపాయలు. మన దగ్గర బొగ్గు మీద పనిచేసే కాంట్రాక్టు కార్మికుడు ఆ బల్ల దగ్గర ఒక్క పూట కూసోవాలంటే ఎన్ని నెలలు పస్తుండాల్నో మీరే లెక్కేసుకోండి.

అయితే ఆయన చేయని పనులు కూడా చెప్పాలె గదా. మాంసం తినేటోడు మైలపడ్డడని ఆయన అనలేదు. పక్క బల్ల మీద కోడి తింటే తన బల్ల అంటుపడుతదని అనలేదు. తాను ఇంకా కొంచెం కోడి, చేప తింటానని దాచకుండ చెప్పిండు. అది వంటోడి ఇష్టం, వ్యాపారం, కొంత భూమి మీద ప్రేమ. న్యూయార్క్‌లో ఎలెవెన్ మాడిసన్ పార్క్ అనే హోటల్ కూడా 2021లో మాంసం మానేసి, 2025 అక్టోబరులో మళ్లీ పెట్టింది. పెట్టినప్పుడు పాపం తగల్లేదు, తీసినప్పుడు పుణ్యం రాలేదు. అక్కడ కూర మారింది, అంతే. మనిషి పుట్టుక మీద తీర్పు చెప్పలేదు.

ఇక్కడ? బాబాసాహెబ్ 1948లో "ది అన్‌టచబుల్స్" పుస్తకంలో అంటరానితనం మూలం వెతుకుతూ పశుమాంసం దగ్గరికే వచ్చిండు. ఊరోళ్లు తిండి మార్చుకొని, అప్పటికే ఊరి బయట ఉన్న, తిండి మార్చుకోలేని ఓడినోళ్లను అంటరానోళ్లను చేసిండ్రన్నది ఆయన వాదం. ఆ వెలి ఇయ్యాళ్టికీ ఆగిందా? 2015లో దాద్రిలో మాంసం పేరు చెప్పి ఇంట్లకెల్లి ఒక మనిషిని గుంజి కొట్టి చంపిండ్రు. 2016లో ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు మనోళ్లను బండికి కట్టి కొట్టిండ్రు. 2023లో బొంబాయి ఐఐటీ హాస్టల్‌లో శాకాహారులకు వేరే బల్లలన్నరు, అది తప్పన్న విద్యార్థికి పదివేలు జరిమానా వేసిండ్రు. 2024 మార్చిలో జొమాటో కంపెనీ శాకాహారం మోసే పిల్లలకు వేరే ఆకుపచ్చ బట్టలన్నది. అందరూ తిట్టినంక మరుసటి రోజే ఆ బట్టలు విడిపించింది. అన్నం మోసే చెయ్యికీ మడి కావాల్నట! 2012లో ఉస్మానియాలో మన పిల్లలు పెద్దకూర పండుగ చేస్తే రాళ్లు పడ్డయి. అది ఎవరి మీద దాడి? కూర మీద కాదు, తినే నోటి మీద.

ఇంకొక మాట ఎవరూ చెప్పరు. కూరగాయల తిండి వాళ్ల సొత్తన్నది కూడా అబద్ధమే. ఆకుకూరల శాస్త్రం మన అమ్మలది. కూలికి పోయిన చేన్ల కలుపు తీస్తూ తీస్తూ కొంగున కట్టుకొచ్చిన దొగ్గలి కూర, గునుగు కూర, తుమ్మికూర, చెంచలికూర, పొన్నగంటి కూర, గట్ల మీది గంగవాయిలి. దొరకు అది కలుపు, పారేసేది. మన పొయ్యి మీద అది పూట గడిపిన కూర. ఏ ఆకు బాలింతకు పెట్టాలె, ఏది ముదిరితే చేదెక్కుతది, ఏది పెసరపప్పుల వెయ్యాలె, ఇదంతా మాల మాదిగ ఆడోళ్ల నోటి చదువు. జహీరాబాద్ దిక్కు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఈ విత్తని కూరల తెలివిని, జొన్న, కొర్ర విత్తనాలను కాపాడుకొని దేశానికి చూపించిండ్రు. మన గంగవాయిలినే ఫ్రెంచోళ్లు పూర్పియే అంటరు, పెద్ద హోటళ్ల పళ్లాల్లో పెడుతరు. మాంసం మనకు రోజూ యాడిది? పండుగకో, చావుకో, జీతమొచ్చిన ఆదివారానికో. మిగిలిన రోజులన్నీ గొడ్డుకారం, పుంటికూర, అంబలే. వారమంతా ఆకు తిన్నోళ్లం ఒక్కనాడు తిన్న కూరతో నీచులమైతే, నెయ్యి పోసుకొని పప్పన్నం తిన్నోళ్లు సాధువులైండ్రు.

ఇగ మన సెంటినరీ కాలనీకి వద్దాం. సింగరేణి నూరేళ్ల పేరు మోస్తున్న కాలనీ ఇది. చుట్టూ ఓపెన్‌కాస్టులు. కూర ఏరుకున్న గట్లు, చెలకలు ఓబీ మట్టి గుట్టల కింద పడ్డయి. లద్నాపూర్ దిక్కు పోయి ముసలమ్మలను అడగండి, ఏ కూర యాడ దొరికేదో చెప్తరు, చూపించలేరు. మిగిలిన ఆకు మీద కూడా బొగ్గు దుమ్మే. 250 మందికి మించి పనిచేసే గనిలో క్యాంటీన్ ఉండాలని 1955 నాటి మైన్స్ రూల్సే చెప్పినయి. ఆ క్యాంటీన్‌ల పర్మినెంట్ కార్మికునితో సమానంగ కాంట్రాక్టు కార్మికుడు కూసొని తింటున్నడా, షవల్ నీడన డబ్బా విప్పుకుంటున్నడా? ప్రతి యూనియన్ నాయకున్ని గేట్ మీటింగుల అడగవలసిన ప్రశ్న ఇది. ప్యారిస్ బల్ల సంగతి తర్వాత.

మనలోనూ ఒక రోగం పుట్టింది, దాచుడెందుకు? క్వార్టర్లలకు వచ్చినంక కొందరు మనోళ్లు పెద్దకూర వండిన నాడు కిటికీలు మూస్తున్నరు. పక్కింటోళ్లు అడిగితే "మటన్" అంటున్నరు. పిల్లలకు టిఫిన్‌ల పెట్టొద్దని చెప్తున్నరు. ఆఖరికి అంబేద్కర్ జయంతి భోజనాలకు కూడా పప్పు, సాంబారే. "అందరూ వస్తరు గదా, ఎందుకు లొల్లి" అని. అందరూ అంటే ఎవరు? మళ్లీ ఆ ఇద్దరేనా? 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చచ్చిన పశువు మాంసం మానుమన్నడు గదా అని కొందరు అడ్డం మాట్లాడుతరు. మానుమన్నడు, నిజమే. ఊరోళ్లు పారేసిన కళేబరం మోసి, దాని కోసం చెయ్యి చాపే వెట్టి మానుమన్నడు. కష్టం చేసి కొనుక్కున్న కూరకు సిగ్గుపడుమనలేదు. ఇష్టం లేనోళ్లు తినకండి, మనలో మాంసం ముట్టనోళ్లు కూడ ఉన్నరు, వాళ్లదీ గౌరవమైన పళ్లెమే. కానీ దొంగతనం చేసినట్టు దాచుకొని తినుడెందుకు?

అందుకే వచ్చే ఏప్రిల్ 14 నాడు కాలనీల సంఘం భోజనాలకు రెండు పొయ్యిలు పక్కపక్కనే పెట్టాలె. ఒకదాని మీద చింతచిగురు వేసిన దున్నకూర, ఒకదాని మీద పుంటికూర పప్పు. బంతి మాత్రం ఒక్కటే. తెర అడ్డం కట్టొద్దు, వేరే గంటెల పంచాయితీ పెట్టొద్దు. ఆకుకూరలు తెలిసిన అమ్మలను స్టేజీ మీదికి పిలిచి ఒక్కొక్క ఆకు పేరు పిల్లలకు చెప్పించాలె. పేర్లు రాసుకునే బాధ్యత చదువుకున్న పిల్లలది. బియ్యం, పప్పు, కట్టెల లెక్క మార్చి నెలాఖరుకే వాడల వారీగా తేల్చుకోండి. ఓపెన్‌కాస్టు కాంట్రాక్టు కార్మికులకు షిఫ్టు దిగినంకనే వడ్డన మొదలుపెట్టండి, పోయిన బస్సుకు అన్నం మిగలదు.