కాకతాళీయం రుజువు కాదు: కృష్ణపట్నం మందు, ఖండనయోగ్యత

ప్రవేశిక

2021 మే నెలలో కోవిడ్ రెండో ఉధృతి నడుస్తుండగా నెల్లూరు తీరంలోని కృష్ణపట్నంలో ఆనందయ్య ఉచితంగా పంచిన మూలికల మందు కోసం వేలమంది బారులు తీరారు. గూడూరు, చిల్లకూరు ప్రాంతాలకు పొరుగున ఉన్న ఆ రేవు గ్రామానికి పరరాష్ట్రాల నుండి కూడా జనం తరలివచ్చారు. ఆక్సిజన్ దొరకక, ఆస్పత్రిలో పడక దొరకక తల్లడిల్లిన మనిషి ఆశను తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. తప్పుపట్టవలసింది ఆ మందు చుట్టూ చదువుకున్నవారు నడిపిన వాదసరళిని.

'తగ్గినవాళ్లు కళ్లెదుట ఉన్నారు, ఇంతకు మించిన రుజువేముంది?' అన్నది ఒక పక్షం. 'అది నాటుమందు, కాబట్టి శాస్త్రీయం కాదు' అన్నది రెండో పక్షం. ఒకరు సాక్షులను లెక్కపెట్టారు, మరొకరు పుట్టుకను ప్రశ్నించారు. పరీక్షను ఇద్దరూ తప్పించుకున్నారు. పరిశీలనతో ఒక ప్రతిపాదనను ఖండనకు గురిచేయడం పాశ్చాత్య పద్ధతి అనీ, దాన్ని చర్చించడానికి మన భాషలో మాటలు లేవనీ విద్వద్గోష్ఠులలో వినిపించే మూడో వాదం వీటికి తోడైంది. ఈ మూడు వాదాలలో ఏదీ విచారణకు నిలవదు.

వ్యాప్తి, వ్యభిచారం, ఉపాధి

మూడో వాదాన్ని ముందు తీసుకోవాలి. అన్నంభట్టు తర్కసంగ్రహాన్ని తొలిపాఠంగా చదివిన విద్యార్థికి ఈ విషయం కొత్త కాదు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న వ్యాప్తికి వంటిల్లు అనుకూల దృష్టాంతం, మడుగు వ్యతిరేక దృష్టాంతం. దీన్ని తలకిందులు చేసి, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే అది వ్యాప్తి కాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. ఆ ఒక్క గుండు చాలు, వ్యాప్తి భగ్నం కావడానికి. దానికి వ్యభిచారమని పేరు. పొగకు అసలు కారణం తడికట్టెతో నిప్పు కలయిక. కంటికి కనబడిన నిప్పు వెనుక దాగిన ఆ షరతు ఉపాధి.

ఒక ప్రతిపాదనను కూల్చగల పరిశీలన ఏదో ముందే చెప్పగలిగితేనే అది శాస్త్ర ప్రతిపాదన అవుతుందని కార్ల్ పాపర్ 1934లో ప్రతిపాదించాడు. నైయాయికులూ పాపరూ ఒకటే చెప్పారనడం అతిశయోక్తి. నైయాయికులు వ్యాప్తి నిశ్చయాన్ని కోరారు, పాపర్ అటువంటి నిశ్చయం దొరకదన్నాడు. అయినా వేయి అనుకూల దృష్టాంతాలకన్న ఒక ప్రతికూల దృష్టాంతానికి బలమెక్కువని గుర్తించడానికి తెలుగు పాఠకుడు పరభాషకు వెళ్లనక్కరలేదు. కాకి వాలడం, తాటిపండు పడటం అన్న సామెత లాంటి న్యాయం పల్లెల్లోనూ తెలిసినదే. మాటలకు కొదవ లేదు. ఉన్న మాటలను వాడలేదు.

'సిద్ధాంతం' అన్న మాట తెచ్చిన చిక్కు మాత్రం నిజమైనదే. మన సంప్రదాయంలో సిద్ధాంతమంటే పూర్వపక్షాన్ని నిరసించి తేల్చిన తుది నిర్ణయం. విజ్ఞానశాస్త్రంలో అదే మాటను పరీక్షకు ఎప్పుడూ తలుపు తెరిచి ఉంచవలసిన ప్రతిపాదనకు వాడుతున్నాము. ఒకే మాటలో రెండు ఎదురర్థాలు కాపురముంటే, సిద్ధాంతాన్ని ప్రశ్నించడం అవమానించడంగా వినబడుతుంది.

తగ్గినవారు, తగ్గనివారు

ఇప్పుడు మొదటి వాదం. మందు తీసుకున్నవారు కోలుకున్నారు, నిజమే. ఏ మందూ తీసుకోని కోవిడ్ రోగులలో కూడా అత్యధికులు కోలుకున్నారు. శరీరపు సొంత రోగనిరోధకశక్తి ఇక్కడి తడికట్టె. వరుసలో గంటల తరబడి నిలబడగలగడమే వ్యాధి అప్పటికి తీవ్రంగా లేదనడానికి ఒక గుర్తు. వ్యాధి రాకముందే జాగ్రత్తకని తీసుకున్నవారూ ఉన్నారు. ఇన్ని ఉపాధులను తొలగించకుండా కోలుకున్నవారిని ఎందరిని లెక్కించినా తేలేది శూన్యం.

మందు వాడినవారిని ఫోన్లలో అడిగి వివరాలు సేకరించారు. ఆ శ్రమకు విలువ ఉంది, కాని అది పరీక్ష కాదు. అదే వయసులో, అదే తీవ్రతతో ఉండి మందు తీసుకోనివారి సంగతి పక్కన పెట్టి చూడనప్పుడు, ఏ జవాబు వచ్చినా మందు ఓడిపోయే అవకాశం లేదు. ఓడిపోయే అవకాశం లేని పోటీలో గెలుపుకు అర్థం లేదు.

2021 మే 31న రాష్ట్ర ప్రభుత్వం లోపలికి తీసుకునే మందుకు అనుమతినిస్తూ, కంటి చుక్కలను పక్కన పెట్టింది. హాని కనబడలేదనీ, కోవిడ్‌ను తగ్గిస్తుందనడానికి నిర్ధారణ లేదనీ ఆ నిర్ణయంలోనే ఉంది. జనం చెవిన పడింది మాత్రం 'మందుకు ఆమోదం' అన్న సగం వాక్యమే. హాని లేకపోవడం ఒక ప్రతిజ్ఞ, మేలు చేయడం మరొక ప్రతిజ్ఞ. మొదటిదానికి చూపిన హేతువు రెండోదాన్ని సాధించదు. ఈ తేడాను తెలుగులో విడమరచి చెప్పవలసిన బాధ్యత ఎవరిదో తెలుగు శాఖలు తమను తాము అడగాలి.

కంటి చుక్కలతో కోలుకున్నట్టు ప్రచారమైన ఒక రోగి కొద్దిరోజులకే మరణించినప్పుడు విమర్శకులు దాన్ని ఖండనగా చూపారు. అందరికీ తగ్గుతుందన్నది ప్రతిపాదన అయితే ఆ ఒక్క మరణం నిజంగానే ఖండన. ఎక్కువమందికి తగ్గుతుందన్నదే ప్రతిపాదన అయితే ఒక్క కోలుకోలు రుజువు కానట్లే ఒక్క మరణమూ ఖండన కాదు. ప్రతిపాదన ఏదో ఎవరూ ముందు చెప్పలేదు. అందుకే అది ఎన్నటికీ ఓడలేదు.

ప్లాస్మా నేర్పిన పాఠం

రెండో వాదం కూడా ఇంతే బలహీనం. కోలుకున్నవారి ప్లాస్మాను రోగికి ఎక్కించే చికిత్స నాటువైద్యం కాదు. దాని వెనుక ప్రతిరక్షకాల గురించిన సహేతుకమైన వివరణ ఉంది, ఆస్పత్రుల అండ ఉంది, 'ప్లాస్మాతో బతికాడు' అన్న సాక్ష్యాలూ ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో 39 ఆస్పత్రులలో 464 మంది రోగులను రెండు వర్గాలుగా, ఎవరు ఎందులో పడతారన్నది యాదృచ్ఛికంగా తేల్చి పరీక్షించింది. మరణించిన లేదా వ్యాధి విషమించిన వారు ప్లాస్మా పొందిన వర్గంలో 19 శాతం, పొందని వర్గంలో 18 శాతం. 2021 మే 17న జాతీయ చికిత్సా మార్గదర్శకాల నుండి ప్లాస్మాను తొలగించారు. కృష్ణపట్నానికి జనం పోటెత్తిన నెల కూడా అదే.

శాస్త్రీయతను పుట్టుక నిర్ణయించదని ఈ ఉదాహరణ చెబుతుంది. ఆస్పత్రిలో పుట్టిన ప్రతిపాదన పరీక్షలో ఓడింది. పల్లెలో పుట్టిన ప్రతిపాదనకు అటువంటి పరీక్ష జరిగే గౌరవమే దక్కలేదు. పరీక్షించకుండా పొగడటం ఆ మందుకు ఇచ్చిన మర్యాద కాదు, పరీక్షించకుండా ఈసడించడం విజ్ఞానశాస్త్రానికి చేసిన సేవా కాదు.

గుంటూరు, అద్దంకి

నిలబడిన ప్రతిపాదన ఎలా ఉంటుందో తెలుగునేలే చూపింది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని జాన్సెన్ గుంటూరు నుండి పరిశీలించాడు. సూర్యబింబపు అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో ప్రకాశరేఖలు కనబడ్డాయి. జ్వాలలు వాయుమయాలని అవి తెలిపాయి. ఆ రేఖలు గ్రహణం లేనప్పుడూ కనబడాలని ఊహించి, మరునాడే వెతికి చూశాడు. కనబడకపోతే ఊహ ఓడేది, కనబడ్డాయి. పసుపురేఖ సోడియానిదన్న తొలి అంచనా కొలతకు నిలవలేదు. కొత్త మూలకమన్న లాక్యర్ ప్రతిపాదన చాలాకాలం సందేహాల మధ్య నిలిచి, 1895లో రామ్సే భూమిపైనే ఆ వాయువును పట్టుకున్నాక గట్టిపడింది. 'హీలియంను గుంటూరులో కనుగొన్నారు' అని గర్వంగా రాసే వాక్యం కూడా ఈ పరీక్షకు లొంగాలి. జాన్సెన్ ఆనాడు కొత్త మూలకాన్ని ప్రకటించలేదు.

సాహిత్య చరిత్రకూ ఇదే వర్తిస్తుంది. నన్నయకు ముందు తెలుగులో పద్యమే లేదన్న మాటను క్రీ.శ. 848 నాటి పండరంగని అద్దంకి శాసనంలోని తరువోజ కూల్చింది. 'శాసనపద్యం కావ్యం కాదు' అన్న సమాధానం తప్పు కాదు, అయితే అది పాత ప్రతిపాదనకు రక్షణ కాదు. దాన్ని వదులుకుని చేసిన చిన్న, కొత్త ప్రతిపాదన. ఆ వదులుకోవడాన్ని ఒప్పుకోకుండా పాత మాటే నిలిచిందనడం, చుక్కల మందు విషయంలో ప్రతిపాదనను రోజుకో తీరుగా జరపడం, ఒకే దోషానికి రెండు రూపాలు.

ముగింపు

పరిశోధన వ్యాసాలలో 'దీనిని బట్టి రుజువవుతున్నది' అన్న వాక్యం కొరతలేకుండా కనిపిస్తుంది. 'ఫలానా ఆధారం దొరికితే ఈ ప్రతిపాదన నిలవదు' అన్న వాక్యం అరుదు. సిద్ధాంత వ్యాసాలను పరీక్షించేవారు ఆ రెండో వాక్యాన్ని అడగడం మొదలుపెడితే, ఆ అలవాటు తరగతి గదికీ, పత్రికకూ, చివరకు వీధికీ చేరుతుంది. రేపు మరో మహమ్మారిలో మరో గ్రామం ముందు జనం బారులు తీరవచ్చు. ఎందరికి తగ్గింది అన్న ప్రశ్న వారు ఎలాగూ అడుగుతారు. మందు లేకుండా ఎందరికి తగ్గేది అన్న ప్రశ్నను వారి భాషలో వారికి అందించడం చదువుకున్నవారి పని. 2021లో ఆ పని జరగలేదు.