రెండు మాత్రల సంగతి

అరవై దాటిన మగవారు నలుగురు చేరినచోట మోకాళ్ళ నొప్పులు, చక్కెరజబ్బు, అల్లుళ్ళ ఉద్యోగాలు అన్నీ చర్చకు వస్తాయి. రాత్రి నాలుగుసార్లు లేవవలసివస్తున్న సంగతి మాత్రం రాదు. మా దుమ్ముగూడెం, చర్ల వైపు పల్లెల్లో పల్లేరుకాయల కషాయంతో ఏళ్ళు నెట్టుకువచ్చేవారున్నారు. ఒకనాటి అర్ధరాత్రి ‘మూత్రం బందయింది’ అంటూ భద్రాచలానికో, ఖమ్మానికో ఆటో కట్టించుకొని పరుగెత్తి, గొట్టం వేయించుకొని రావడం తరువాతి ఘట్టం.

పూర్వులకు ఈ సంకోచం లేదు. సుశ్రుతుడు మూత్రాఘాతాలను 12 రకాలుగా చెప్పాడు. అందులో ‘వాతాష్ఠీల’ అనేదానిని నేటి వైద్యులు కొందరు పౌరుషగ్రంథి వాపుతో పోలుస్తారు.

ఇక వైద్యుడు రాసే మాత్రలు ప్రధానంగా రెండు తెగలు. టామ్సులోసిన్ వంటివి మూత్రద్వారం వద్ద బిగిసిన కండరాన్ని సడలిస్తాయి. కొద్దిరోజుల్లోనే ధార మెరుగవుతుంది, కాని గ్రంథి తగ్గదు. ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ గ్రంథినే కుదిస్తాయి. అందుకు ఆరునెలలైనా పట్టవచ్చు. 2003లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన మూడువేల మందికి పైగా పురుషులను సగటున నాలుగున్నరేళ్ళు పరిశీలించింది. వ్యాధి ముదరడాన్ని మొదటి తెగ మందు 39 శాతం, రెండవది 34 శాతం తగ్గించగా, రెండూ కలిపి 66 శాతం తగ్గించాయి. గ్రంథి బాగా పెరిగినవారికే ఈ జోడింపు ఎక్కువ ప్రయోజనం.

నా అభియోగం ఒక్కటే. ఈ తేడాను రోగికి తెలుగులో చెప్పేవారు లేరు. చీటీ మీద ‘రాత్రి 1’ అని గీత గీసి ఇస్తారు. రెండవ నెలలో ‘గుణం లేద’ని నిదానపు మాత్రను మానేసేది అందుకే. దానివల్ల కొందరికి కోరిక తగ్గుతుంది. అదీ ముందే చెప్పరు. ఆ మాట నోరు విడిచి అడగలేక మందు మానుకున్న పెద్దమనుషులను నేనెరుగుదును. మాత్ర మార్చే వీలుందని వారికెవరు చెప్పాలి?

మొదటి తెగ మాత్ర వేసుకున్నవారు చటుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. చీకట్లో పెరటికి పోయేవారికి ఇది చిన్న విషయం కాదు. మంచం మీద కాసేపు కూర్చొని లేవాలి. కొన్ని జలుబు మాత్రలు మూత్రాన్ని బిగదీస్తాయి కనుక అడగనిదే కొనరాదు. రెండవ తెగ మందు పీఎస్ఏ రక్తపరీక్ష అంకెను దాదాపు సగానికి దించుతుంది. పరీక్ష చూసే వైద్యుడికి ఆ సంగతి తెలియాలి.

మరొకటి, కంటి శుక్లం ఆపరేషన్. టామ్సులోసిన్ వాడినవారిలో కంటిపాప చుట్టూ ఉండే పొర వదులై శస్త్రచికిత్స చిక్కవుతుందని 2005లో గుర్తించారు. మందు మానేసి చాలాకాలమైనా ఈ చిక్కు రావచ్చు. కంటి శిబిరానికి వెళ్ళేటప్పుడు ఆ మాత్రల అట్ట ఒకటి జేబులో వేసుకొని వెళ్ళండి.