ఆ మొహం చూసి తీర్పు చెప్పొద్దు

చావింట్లో చలనం లేకుండా కూర్చున్న కొడుకును చూసి బంధువులు చెవులు కొరుక్కుంటారు. భార్య కళ్ళు తుడుచుకుంటున్నా తలెత్తకుండా అన్నం తినే భర్తకు పొగరని పేరు పెడతారు. మీటింగులో రెప్పలు వాలిపోతున్న ఉద్యోగికి మెమో వెళ్తుంది. నిజంగా అది స్వభావమే కావచ్చు. కానీ ఆ మనిషికే చిన్నవయసులో కంటి శుక్లాలు వచ్చి, కణతల దగ్గర కండ కరిగి గుంటలు పడి, బస్సు దిగేటప్పుడు పట్టుకున్న కమ్మీని వెంటనే వదలలేక వేళ్ళు నెమ్మదిగా విప్పుకుంటుంటే, స్వభావం మాట పక్కనపెట్టి న్యూరాలజిస్టుకు చూపించాలి. వాయిదా వేయకూడదు. అది మయోటోనిక్ డిస్ట్రోఫీ మొదటి రకం కావచ్చు. దాన్ని గుర్తించకపోతే పోయేది పరువొక్కటే కాదు, ప్రాణం కూడా.

1909లో జర్మన్ వైద్యుడు హాన్స్ స్టైనర్ట్ వివరించిన వంశపారంపర్య జబ్బు ఇది. మూలం మాత్రం 1992లో గానీ దొరకలేదు. 19వ క్రోమోజోమ్ మీది డీఎంపీకే జన్యువులో సీటీజీ అనే మూడక్షరాల ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది. మామూలు మనుషుల్లో అది 5 నుంచి 34 సార్లు ఉంటుంది. 50 దాటితే జబ్బు. పుట్టుకతోనే వచ్చే తీవ్ర రూపంలో తరచు 1,000 పైమాటే. తరం మారేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది, జబ్బు మరింత చిన్నవయసులో బయటపడుతుంది. 'మా ఇంట్లో మేనరికాలే లేవు, వంశపారంపర్య జబ్బు ఎలా వస్తుందండీ?' అంటారు మనవాళ్ళు. దీనికి మేనరికంతో పనిలేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంది.

ఈ జబ్బులో ముఖ కండరాలు బలహీనపడతాయి. నవ్వినా పెదవులు పూర్తిగా సాగవు, కోపమొచ్చినా కనుబొమలు ముడిపడవు, నోరు కాస్త తెరుచుకునే ఉంటుంది. లోపలి దుఃఖం మాత్రం ఎక్కడికీ పోదు. ఇంతవరకు వైద్యులకు ఎప్పటినుంచో తెలిసిందే. రెండో వైపు గురించి ఇళ్ళల్లోనే కాదు, ఆసుపత్రుల్లోనూ మాట్లాడేవారు తక్కువ. ఎదుటివారి ముఖాన్ని చదవడం కూడా వీరిలో చాలామందికి కష్టమవుతుంది. స్వీడన్, జపాన్ పరిశోధకులు ఈ జబ్బున్న పెద్దవాళ్ళకు రకరకాల ముఖాల ఫొటోలు చూపించి, అందులో కనిపించే భావమేమిటో చెప్పమన్నారు. సంతోషం దగ్గర పెద్ద చిక్కు రాలేదు. కోపం, భయం, అసహ్యం దగ్గర మాత్రం ఆరోగ్యవంతుల కంటే ఎక్కువగా పొరబడ్డారు. లోపమున్న జన్యువు నుంచి తయారైన ఆర్‌ఎన్‌ఏ కణాల్లో పేరుకుని, వేరే పనులు చేయాల్సిన ప్రొటీన్లను కదలనివ్వదు. ఇది కండరాల్లోనే కాదు, మెదడులోనూ జరుగుతుంది. ముఖాలు చదవలేని ఈ ఇబ్బంది అందరిలో ఒకే స్థాయిలో ఉండదు, కొందరిలో అసలే కనపడదు. ఉన్నవారిలో మాత్రం అది మొండితనం కాదు, ప్రేమ లేకపోవడం అంతకన్నా కాదు.

ఈ రెండూ ఒకే ఇంట్లో కలిస్తే ఏమవుతుందో ఊహించండి. ఆమె గిన్నె ఠక్కున పెట్టి, పెదవి బిగించి, గోడవైపు తిరుగుతుంది. ఆయన 'పెరుగుందా?' అంటాడు. ఆమెకు ఒళ్ళు మండిపోతుంది. ఆయనకు ఆ కోపం కనపడలేదు. తనకు కనపడలేదన్న సంగతి ఆయన మొహంలో ఆమెకూ కనపడదు. ఇలాంటి పూటలు ఏళ్ళ తరబడి పోగుపడి పెద్దమనుషుల పంచాయితీ దాకా వెళ్తాయి. పంచాయితీ కూడా మొహం చూసే తీర్పు చెబుతుంది. నన్నడిగితే ఇలాంటి ఇంటికి ముందు చేరాల్సింది పెద్దమనుషులు కాదు, వైద్యుడు.

ఆసుపత్రిలో ఇంతకంటే ప్రమాదం. గుండెలో విద్యుత్ ప్రసారం దెబ్బతినడం ఈ జబ్బులో మామూలు. పైకి ఏ బాధా లేకుండానే అది ముదిరి హఠాన్మరణం సంభవించవచ్చు. కళ్ళు తిరుగుతున్నాయని నిద్రమొహంతో చెప్పే మనిషిని చూసి డాక్టరు నీరసమనుకుని టానిక్ రాస్తే, పేస్‌మేకర్‌తో నిలవాల్సిన ప్రాణం పోతుంది. ఎదురుగా ఉన్న ముఖాల్లోని ఆందోళన ఈ రోగికి అందకపోవచ్చు కాబట్టి, తనంతట తాను పట్టుబట్టి రెండోసారి అడగడు. వైద్యులు నొప్పిని మొహంలో వెతక్కుండా నోటితో అడగాలి: పదికి ఎంత, ఎప్పటినుంచి, స్పృహ తప్పిందా? 'పరిస్థితి తీవ్రంగా ఉంది' అన్న మాటను కూడా ముఖకవళికలతో సరిపెట్టకుండా విడమరిచి చెప్పాలి.

ఇంట్లోవాళ్ళు చేయాల్సింది కూడా అదే. 'నాకు కోపమొచ్చింది', 'నాకు భయంగా ఉంది' అని మాటల్లో చెప్పండి. మన ఇళ్ళల్లో అలా చెప్పే అలవాటు లేదు, ముఖ్యంగా భార్యాభర్తల మధ్య. కష్టమైనా మొదలుపెట్టండి.

గర్భిణుల విషయంలో మరీ జాగ్రత్త. తల్లికి జబ్బు స్వల్పంగా ఉండి ఎవరూ పోల్చుకోకపోవచ్చు. బిడ్డ మెత్తగా, కదలిక లేకుండా, ఊపిరికి తంటాలు పడుతూ పుట్టాకే తల్లి జబ్బు కూడా బయటపడిన సందర్భాలు ఎన్నో. కుటుంబంలో ఒక్కరికి నిర్ధారణ అయినా, పిల్లల్ని కనాలనుకునే తోబుట్టువులు ముందే జన్యు సలహా తీసుకోవాలి. హైదరాబాద్‌లో నిమ్స్, బెంగళూరులో నిమ్‌హాన్స్ వంటి చోట్ల నిపుణులున్నారు. సంబంధం చెడిపోతుందని దాచిపెట్టడం పుట్టబోయే బిడ్డకు చేసే అన్యాయం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కండరాల క్షీణత ఉంది. కాబట్టి సదరం శిబిరానికి వెళ్ళి వైకల్య ధ్రువపత్రం తీసుకోండి, మెమో ఇచ్చిన అధికారికి ఆ పత్రం చూపించండి.

జబ్బును మూలంలో నయం చేసే మందు ఇంకా లేదు, కానీ మరణాల్లో కొన్నింటిని ఆపవచ్చు. నిర్ధారణ అయినవారు ఏటా ఈసీజీ తీయించుకోవాలి, స్పృహ తప్పినా గుండె దడ వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. శుక్లాలకైనా, పంటికైనా, హెర్నియాకైనా మత్తు ఇచ్చే ముందు మత్తు డాక్టరుకు జబ్బు పేరు చెప్పి తీరాలి. మామూలు మోతాదు మత్తుకే వీరి ఊపిరి మందగించవచ్చు, సక్సినైల్‌కోలిన్ అనే మందు కండరాలను బిగదీస్తుంది. జబ్బు పేరు రాసిన కాగితం పర్సులో ఆధార్ కార్డు పక్కనే పెట్టుకోండి. గత ఏడాదిగా ఈసీజీ తీయించుకోని వారు ఈ వారంలోనే తీయించుకోండి.