ఆముదం సీసా పక్కన పెట్టండి

ఆముదం పంటకు పేరుపడ్డ జిల్లాలు మన నల్గొండ, మహబూబ్‌నగర్. పత్తి వచ్చాక చేలల్లో తగ్గినా ఇళ్లల్లో సీసా మాత్రం పోలేదు. పండగొస్తోందంటే టేకు దర్వాజలకూ కుర్చీలకూ అదే పూసేస్తాం. పూసినరోజు మెరుపే మెరుపు! వారం తిరిగేసరికి జిడ్డు, దానిమీద దుమ్ము. ఆముదం ఆరే నూనె కాదు మరి. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని చెక్కలోనే గట్టిపడుతుంది. రంగుల దుకాణంలో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అనడగండి. పాత జిడ్డు టర్పెంటైన్‌తో తుడిచి, పల్చగా పూసి, పావుగంటాగి మిగిలింది తుడిచేయాలి. చపాతీ పీటకు మాత్రం వద్దు, త్వరగా ఆరడానికి అందులో లోహపు లవణాలు కలుపుతారు.

అసలు భయం తుడిచిన గుడ్డతోనే. ఉండచుట్టి మూలన పడేస్తే, నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి బయటికి పోక అగ్గిపుల్ల లేకుండానే అంటుకోవచ్చు. 1991 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా తగలబడింది ఇలాంటి గుడ్డలవల్లే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. నూనె అమ్మేవాళ్లు ఈ హెచ్చరికను డబ్బామీద తెలుగులో, కనబడే అక్షరాల్లో వేయాలి. అంతవరకూ ఆ గుడ్డను నీళ్లలో తడిపి, ఆరుబయట విడిగా పరచండి. పని మరొకరికి అప్పగిస్తే వాళ్లకీ చెప్పండి.