గర్భిణి రక్తంలో చక్కెర: పేగులలోని సూక్ష్మజీవుల పాత్ర

గర్భిణికి మధుమేహం ఉన్నట్లు పరీక్షలో తేలగానే మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట, ‘మిఠాయిలు ఎక్కువ తిన్నావు’ అన్నది. ఆ మాటతో ఆమె కుంగిపోతుంది. కొందరైతే ఆ ఫలితాన్ని అత్తవారింట చెప్పడానికే వెనుకాడతారు. దాచిన జబ్బు తల్లికీ, కడుపులోని బిడ్డకూ చేటు చేస్తుంది. కనుక గర్భకాలంలో చక్కెర ఎందుకు పెరుగుతుంది, అందులో పేగులలోని సూక్ష్మజీవుల పాత్ర ఎంత, కుటుంబం చేయవలసినది ఏమిటి అన్న విషయాలను ఈ నెల వివరించదలిచాము.

బిడ్డ ఎదుగుదలకు తల్లి రక్తంలోని చక్కెరే ప్రధాన ఆధారం. అందుకోసం మాయ నుంచి వెలువడే హార్మోన్లు తల్లి శరీరంపై ఇన్సులిన్ ప్రభావాన్ని కొంత తగ్గిస్తాయి. ఫలితంగా చక్కెర మరికొంతసేపు రక్తంలో నిలిచి బిడ్డకు అందుతుంది. ఇది సృష్టికర్త చేసిన ఏర్పాటే గాని రోగం కాదు. దీనికి దీటుగా తల్లి క్లోమం మరింత ఇన్సులిన్‌ను తయారు చేస్తుంది. అది చాలనప్పుడే చక్కెర హద్దు దాటుతుంది. వంశంలో మధుమేహం ఉన్నవారికి, అధిక బరువు గలవారికి, వయసు పైబడి గర్భం దాల్చినవారికి ఈ అవకాశం ఎక్కువ. నేరమంతా మిఠాయిపై, దాన్ని తిన్న స్త్రీపై మోపడం న్యాయం కాదు.

ఇక సూక్ష్మజీవుల సంగతి. మన పెద్దపేగులో లక్షల కోట్ల బ్యాక్టీరియా నివసిస్తుంది. మనం అరిగించుకోలేని పీచు పదార్థమే దానికి ఆహారం. ఆ పీచును పులియబెట్టి అది కొన్ని ఆమ్లాలను తయారు చేస్తుంది. ఆ ఆమ్లాలు పేగు గోడలోని కణాలను ప్రేరేపించి, ఇన్సులిన్ విడుదలకు తోడ్పడే హార్మోన్లను వెలువరింపజేస్తాయి. పేగు గోడను దృఢంగా ఉంచడంలోనూ వాటికి పాత్ర ఉంది. భోజనంలో పీచు తగ్గితే ఈ మేలు కూడా తగ్గుతుంది.

గర్భకాలంలో ఈ సూక్ష్మజీవులు మారుతాయా? 2012లో వెలువడిన ఒక పరిశోధనలో ఫిన్లాండ్‌కు చెందిన 91 మంది గర్భిణులను పరిశీలించారు. తొలి మాసాలకూ చివరి మాసాలకూ మధ్య వారి పేగులలోని బ్యాక్టీరియాలో పెద్ద మార్పు కనిపించింది. చివరి మాసాల బ్యాక్టీరియాను, తమ పేగులలో ఏ సూక్ష్మజీవులూ లేని ఎలుకలకు ఎక్కించగా, తొలి మాసాల బ్యాక్టీరియా పొందిన ఎలుకల కంటే వాటిలో కొవ్వు ఎక్కువగా పెరిగింది. ఇన్సులిన్ పనితీరు తగ్గింది. అయితే తరువాతి పరిశోధనలన్నింటిలో ఇదే మార్పు కనబడలేదు. ఎలుకలో జరిగినదంతా స్త్రీలో జరుగుతుందని చెప్పడానికీ వీలులేదు.

ఈ జాగ్రత్త ఎందుకంటే, ‘మంచి బ్యాక్టీరియా’ పేరిట గుళికలు దుకాణాలలో విరివిగా అమ్ముడవుతున్నాయి. ఆస్ట్రేలియాలో అధిక బరువుగల 411 మంది గర్భిణులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. అటువంటి గుళికలు గర్భకాల మధుమేహాన్ని నివారించలేదు. కాబట్టి వైద్యుల సలహా లేకుండా వాటిపై డబ్బు వెచ్చించవద్దని మా మనవి. సూక్ష్మజీవులకు కావలసిన పీచు మన వంటింట్లోనే ఉంది. పాలిష్ పట్టిన తెల్ల బియ్యం కొంత తగ్గించి జొన్నరొట్టె, కొర్రలు, పొట్టుతో కూడిన పప్పులు, ఆకుకూరలు చేర్చుకోవచ్చు. చక్కెర వేయని పెరుగు, మజ్జిగ మంచివి. ‘ఇద్దరికి సరిపడా తినాలి’ అంటూ బిర్యానీ మీద బిర్యానీ, దానిపై షీర్ ఖుర్మా వడ్డించడం ప్రేమ కావచ్చు. మేలు మాత్రం కాదు. వైద్యులు వద్దనకపోతే భోజనం తరువాత కొద్దిసేపు నడవడం కూడా చక్కెరను అదుపులో ఉంచుతుంది.

అన్నింటికంటే ముఖ్యం పరీక్ష. ఈ మధుమేహం చాలామందిలో ఏ లక్షణమూ చూపదు. మన దేశ ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం, గర్భిణి తొలిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి, అప్పుడు బాగున్నట్లు తేలితే 24 - 28 వారాల మధ్య మరొకసారి పరీక్ష చేయాలి. 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి రెండు గంటల తరువాత రక్తం చూస్తారు. దీనికి పరగడుపున వెళ్లనవసరం లేదు. చక్కెర 140 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని ఉంటే చికిత్స అవసరం. నిర్లక్ష్యం చేస్తే బిడ్డ మితిమీరి పెరిగి కాన్పు కష్టమవుతుంది. పుట్టిన వెంటనే బిడ్డ రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఆహార నియమాలతో అదుపు కానప్పుడు వైద్యులు మందులు గాని, ఇన్సులిన్ గాని ఇస్తారు. ఇన్సులిన్ పంది నుంచి తీస్తారన్న అనుమానంతో కొందరు వెనుకంజ వేస్తారు. పూర్వం పశువుల, పందుల క్లోమం నుంచి తీసేవారన్నది నిజమే. కాని 1978లో శాస్త్రవేత్తలు మానవ ఇన్సులిన్‌ను ఇ.కోలై అనే బ్యాక్టీరియా ద్వారా తయారు చేయగలిగారు. 1982లో అమెరికాలో అది మందుగా అనుమతి పొందింది. మన పేగులలో నివసించే బ్యాక్టీరియా జాతే ఈ విధంగా తల్లులకు మందు అందిస్తున్నది. ఇందులో ఆలోచించేవారికి అల్లాహ్ సూచన ఉంది.

రమజాన్ మాసంలో మరింత జాగ్రత్త అవసరం. గర్భకాల మధుమేహం ఉన్న స్త్రీ ఉపవాసం ఉంటే చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు, ఇఫ్తార్ తరువాత అమాంతం పెరగవచ్చు. వ్యాధిగ్రస్తులకు, ప్రయాణికులకు దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో సడలింపు ఇచ్చింది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఉన్న సడలింపును హదీసు తెలియజేస్తున్నది. అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటును వినియోగించుకోవడం విశ్వాసంలో లోపం కాదు. ముందుగా వైద్యులను సంప్రదించి, వదిలిన ఉపవాసాలను ఎలా పూర్తి చేయాలో ధార్మిక పండితులను అడిగి తెలుసుకోవాలి.

కాన్పు తరువాత ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. ఈ తల్లులకు ముందుముందు శాశ్వత మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. బిడ్డకు తల్లిపాలే పట్టాలి. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని కొన్ని చక్కెరలు ఉంటాయి. అవి బిడ్డ పేగులలోని మేలుచేసే బ్యాక్టీరియాకు ఆహారమవుతాయి.

గర్భభారం స్త్రీదే అయినా, ఆమె ఆరోగ్య బాధ్యత ఇంటిల్లిపాదిదీ. భర్త ఆమెను పరీక్షకు తీసుకువెళ్లాలి. అత్తగారు ఆమె పళ్లెంలో పప్పు, కూర పెంచి, అన్నం తగ్గించి, అదే భోజనం ఇంటివారందరికీ వడ్డించాలి. ఫలితం ఏదైనా ఆమెను నిందించకుండా అక్కున చేర్చుకునే ఇంట ఆమె దేనినీ దాచుకోదు. అల్లాహ్ మన తల్లులను, వారి సంతానాన్ని ఆరోగ్యంతో ఉంచుగాక. ఆమీన్.