రెండు కార్తీకాలు కలిసే పదిహేను రోజులు

దీపావళి మందుగుండు వాసన వీధిలోంచి పోకముందే మా ఇంట్లో ఫోను మోగడం మొదలవుతుంది. "ఏటే, ఈసారి ఏ రోజు?" అని. కాలేజీలో కలిసి చదువుకున్న నలుగురం ఏటా కార్తీకంలో వనభోజనానికి కలుస్తాం. ఒకామె విశాఖపట్నం నుంచి, ఒకామె ఖరగ్‌పూర్ నుంచి బరంపురం స్టేషన్లో దిగుతారు. ఊళ్ళోనే ఉన్న ఇద్దరిలో నేనొకర్తిని, రెండో ఆమె ఒడియా ఆవిడ.

రోజు కుదర్చడంలో ఒక చిక్కుంది. గంజాం జిల్లాలో ఉన్నవారికి తెలిసిందే గాని, బయటి ఊళ్ళ పాఠకులకు చెప్పాలి. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియావారి నెల పున్నమితో. దీపావళి మర్నాడు మన కార్తీకం మొదలయ్యేసరికి వాళ్ళది సగం అయిపోతుంది. కార్తీక పున్నమి తెల్లవారుజామున చిన్న చిన్న పడవల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదిలి వాళ్ళు నెల పూర్తిచేస్తారు. మర్నాడే ఛాడఖాయి. వీధంతా చేపల వేపుడు ఘుమఘుమ! మనకేమో ఇంకా పదిహేను రోజుల నియమం. ఆ రోజు మా అమ్మ వీధివైపు కిటికీలన్నీ మూసేది. మా ముక్కులు మాత్రం మూయలేకపోయింది.

అంచేత నలుగురం ఒకే వరసలో విస్తళ్ళ ముందు కూర్చోవాలంటే ఆ రెండు కార్తీకాలూ కలిసే పదిహేను రోజుల్లోనే. మా తాతగారు 1936 ఏప్రిల్ 1న ఇల్లు కదలకుండానే మద్రాసు రాజధానిలోంచి కొత్త ఒరిస్సా రాష్ట్రంలోకి వచ్చినవారు. ఇలాంటి సర్దుబాట్లు మాకు కొత్త కాదు.

మొన్నటి కార్తీకంలో చిలికా ఒడ్డున రంభకి వెళ్ళాం. ముందురోజు రాత్రి ఎప్పటిలాగే విశాఖ స్నేహితురాలి పుట్టింట్లో పడుకున్నాం. తల్లిదండ్రులు పోయాక తాళం వేసి ఉంచిన ఇల్లు అది. ఏడాదికోసారి మా కోసమే తెరుస్తుంది. వాళ్ళమ్మగారి ఇత్తడి బేసిన్లోనే పులిహోర కలిపాం. రంభలో ఉసిరిచెట్టు ఎక్కడ వెతుక్కుంటామని కొమ్మ ఒకటి సంచిలో పెట్టుకున్నాం. ఒడియా స్నేహితురాలు చామదుంపలు, అరటికాయ వేసి, పసుపు లేకుండా డాల్మా వండి తెచ్చింది. వాళ్ళ కార్తీక నియమంలో పసుపు పనికిరాదు. నాకైతే పులిహోర కన్నా అదే రుచిగా ఉంది. ఆ మాట అక్కడ అనలేదు లెండి.

భోజనాలయ్యాక పడవెక్కాం. వలస పక్షులు అప్పుడప్పుడే దిగుతున్నాయి. ఒకప్పటి గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ దొర నీళ్ళ మధ్య బండమీద కట్టించిన స్తంభం దాటుతుండగా విశాఖ ఆమె నెమ్మదిగా అంది: "ఇల్లు బేరం కుదిరిందే. మాఘంలో రిజిస్ట్రేషను."

ఎవరికీ మాట రాలేదు. "మా ఇంట్లో దిగుదువుగాని" అన్నాను చివరికి.

"దిగడానికి హోటళ్ళూ ఉన్నాయే. ఇంటికి సున్నం వేయించాలి, పన్ను కట్టాలి అని చెప్పి బయల్దేరేదాన్ని. ఇప్పుడు పిల్లలకి ఏమని చెప్పను?"

"మమ్మల్ని చూడ్డానికని చెప్పు" అంది ఒడియా ఆమె, శుభ్రమైన మన తెలుగులో.

అవి వాళ్ళ కార్తీకంలో ఆఖరి అయిదు రోజులు. ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదని ఒడియావారి నమ్మకం. సరిగ్గా అప్పుడే మా కళ్ళెదుట ఒక కొంగ చటుక్కున చేపను నోట కరుచుకుంది. "అది ఖరగ్‌పూర్ కొంగయి ఉంటుంది" అంది విశాఖ ఆమె. బెంగాలీల మధ్య కాపరమున్న మూడో ఆమె నెత్తిన కొంగు కప్పుకుని మరీ నవ్వింది.

రాత్రి రైలెక్కేముందు విశాఖ ఆమె ఆ బేసిన్ నా చేతిలో పెట్టింది. "ఫ్లాటులో ఇది పట్టదే. నీ దగ్గరుంచు" అంది.

చింతపండుతో తోమి, అటక మీద బోర్లించాను.